ఎవరూ అరవని నెల

పొగమంచు పట్టిన పొద్దున్న అబుదాబీ మాయమైపోయేది. నిజమండీ. మహమ్మద్ బిన్ జాయెద్ సిటీలో మా ఫ్లాటు కిటికీ తెరిస్తే ఎదురుగా ఉండాల్సిన మసీదు ఉండేది కాదు, కింద రోడ్డు ఉండేది కాదు, కొత్తగా నాటిన ఖర్జూరం చెట్లూ ఉండేవి కాదు. అంతా పాలు ఒలకబోసినట్టు తెల్లగా ఉండేది. ఆ తెలుపులోంచి వర్కర్ల బస్సులు పసుపు లైట్లు వేసుకుని నింపాదిగా వచ్చి, మళ్ళీ అందులోకే పోయేవి. ఇప్పుడు రిటైరయి కాకినాడలో కూచున్నాక, మధ్యాహ్నం భోంచేసి కునుకు తీస్తే నాకు ఆఫీసు కలలోకి రాదు. ఆ బస్సులు వస్తాయి.

కంప్యూటర్ ఉద్యోగాలకి తయారవుతున్న కుర్రాళ్ళు కొందరు మా వీధిలో ఉన్నారు. "అంకుల్, మీ సర్వీసులో మీరు చేసిన పెద్ద ప్రాజెక్టు ఏంటి?" అని అడుగుతారు. పెద్దది ఏం చెప్పను నాయనా! బ్యాంకుల లెక్కలు నిలబెట్టలేదు, రాకెట్లు పంపలేదు. నాకు బాగా గుర్తుండిపోయిన పని చెత్త ఊడ్చటం. అందులో ఒక మొగుడూ పెళ్ళాం వారానికోసారి పక్కపక్కన కూచుని అన్నం తినే రోజొకటి ఉంది. దాన్ని కూడా మేం చెత్తలో కలిపి పారబోసేవాళ్ళం. కాస్తలో తప్పింది.

మా కంపెనీ ఆసుపత్రులకీ, బళ్ళకీ, ఆఫీసులకీ క్లీనర్లనీ వంట సహాయకుల్నీ సరఫరా చేసేది. ఎవరు ఏ గదిలో ఉండాలి, ఏ బస్సెక్కాలి, ఎవరికి ఏ రోజు ఆఫ్ అన్నీ ఒక సాఫ్ట్‌వేర్ చెప్పేది. నేను దాని వెనకున్న డేటాబేస్‌కి కాపలాదారుణ్ణి. ఎమిరేట్స్‌లో వారాంతపు సెలవు శుక్రవారం నుంచి ఆదివారానికి జరిగిపోయింది చూడండి, ఆ తర్వాత కొన్నాళ్ళకి మా సాఫ్ట్‌వేర్‌కి కొత్త వెర్షన్ ఎక్కించాం. అది బాగానే ఎక్కింది. కానీ ఇల్లు మారినప్పుడు కొత్త బీరువా వచ్చినా పాత ట్రంకుపెట్టెలు వరండాలో పడుంటాయి కదా, అలాగే పాత వెర్షన్ తాలూకు టేబుళ్ళూ, చిన్న చిన్న ప్రోగ్రాములూ డేటాబేస్‌లో పడి ఉన్నాయి. కొత్త వెర్షన్‌కి వాటితో పని లేదు. వాటిని ఏరి పారెయ్యాలి.

మా ముదీర్, అంటే మా విభాగం మేనేజరు, జోర్డాన్ ఆయన. ఆయన బల్లమీద ఒక కాఫీ కప్పు తప్ప ఏమీ ఉండేది కాదు. కాఫీ అయిపోతే కప్పు కూడా ఉండేది కాదు. అలాంటి మనిషికి డేటాబేస్‌లో చెత్త ఉందని తెలిస్తే నిద్ర పడుతుందా? "ఆడిటర్లు వచ్చేలోపు ఒక్కటి కూడా మిగలకూడదు సదీక్" అన్నాడు. సదీక్ అంటే స్నేహితుడా అని. పని పడినప్పుడు నేనాయనకి మరీ దగ్గరి స్నేహితుణ్ణి అయిపోయేవాణ్ణి.

అయితే ఎవడూ ఒక్కసారిగా చెరిపెయ్యడు. ముందు పేరు మారుస్తాం. పాత పేరుకి ముందు ఒక ఎక్స్ తగిలిస్తాం. అప్పుడు దాన్ని పాత పేరుతో పిలిచేవాళ్ళకి అది దొరకదు. దొరక్కపోతే ఎవరో ఒకరు ఫోన్ చేసి లబోదిబోమంటారు. మొత్తుకుంటే ఎక్స్ తీసి పేరు తిరిగి ఇచ్చేస్తాం. నెల దాకా ఎవరూ నోరెత్తకపోతే అది చెత్తే అని తేల్చి చెరిపేస్తాం. దీన్ని మా వృత్తిలో స్క్రీమ్ టెస్ట్ అంటారు. అంటే ఎవరు అరుస్తారో చూద్దాం అని.

అరిచారండీ, ఎందుకరవరు! ఎక్స్‌లు తగిలించిన మర్నాడే స్టోర్స్ మేనేజర్ ఫోన్ ఎత్తి, సబ్బుల రిపోర్టు రావట్లేదని యల్లా యల్లా, త్వరగా కానీమంటూ నా చెవి ఊడగొట్టాడు. అకౌంట్స్ ఆయన స్వయంగా మా అంతస్తుకి వచ్చి, తన పాత రిపోర్టు రంగు లేకపోతే కళ్ళు కనబడవని గొడవపెట్టాడు. పెద్ద మేనేజర్ గారి సెక్రటరీకి పుట్టినరోజులు గుర్తుచేసే ప్రోగ్రాము పోయిందట, ఆవిడ దాదాపు ఏడ్చింది. అందరి పేర్లూ అందరికీ ఇచ్చేశాం. ఆ తర్వాత అంతా నిశ్శబ్దం. రోజూ పొద్దున్న ముదీర్ వచ్చి మా బల్లల మధ్య నిలబడి "ఎవరైనా అరిచారా?" అనేవాడు. నేనూ, డ్యూటీలూ ఆఫ్‌లూ వేసే రోస్టర్ పని చూసే మలయాళీ అమ్మాయీ ఒక్క గొంతుతో "లేదు సార్" అనేవాళ్ళం. ఆ మాట అంటున్నప్పుడు సరిగ్గా మా పక్కనే నిలబడి, చప్పుడు కాకుండా టీ కప్పులు పెట్టే మనిషొకామె ఉండేది.

ఆమెది పాలకొల్లు పక్క. నేనొచ్చిన కొత్తలో ఎవరితోనో ఫోన్లో తెలుగులో విసుక్కుంటుంటే విని, ట్రే పట్టుకుని అలాగే ఆగిపోయింది.

"ఏ ఊరండీ మీది?"

"అమలాపురం."

"అమ్మ బాబోయ్, అయితే మనోళ్ళే. బాబాయిగారూ, టీలో పంచదార వేశాను, చూసుకోండి" అంది. నేను వద్దన్నా ఆ రోజు నుంచీ బాబాయినే.

ఆ అమ్మాయి చేతి వంజరం పులుసు గురించి ఇక్కడ చెప్పకపోతే నాకు అన్నం సయించదు. మా ఆవిడ ఏదో మొక్కు పెట్టుకుని నీచు మానేసింది. తను మానేస్తే మానేసింది, ఇంటిల్లిపాదికీ మాన్పించేసింది. అటువంటి కరువులో ఈ పిల్ల తన ఆఫ్ రోజు గడిచిన మర్నాడు ఒక చిన్న స్టీలు డబ్బా తెచ్చి, నా కీబోర్డు పక్కన పెట్టి, ఏమీ ఎరగనట్టు పోయేది. మామిడికాయ వేసిన పులుసు. ఒకరోజు నిలవున్న పులుసు ఎలా ఉంటుందో గోదారోళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఆ డబ్బా ఇంటికి తీసుకెళ్ళకుండా మధ్యాహ్నమే ఖాళీ చేసి, సబ్బుతో రెండుసార్లు చెయ్యి కడుక్కునేవాణ్ణి.

అది మిగిలిన పులుసు. ఎవరికి వండగా మిగిలిందో నాకు తెలుసు. ఆమె మొగుడు కూడా మా కంపెనీలోనే ఆసుపత్రి వంటశాలలో పనిచేసేవాడు. ఆమె ముసఫ్ఫాలో వర్కర్లుండే ఆడవాళ్ళ క్యాంపులో ఉండేది, అతను అవతలి కొసని మగవాళ్ళ క్యాంపులో. ఇద్దరి ఆఫ్ ఒకే రోజు పడేది. ఒక వారం ఆదివారం, ఒక వారం బుధవారం అలా తిరిగినా ఇద్దరికీ ఒకే రోజు. ముందురోజు సాయంత్రం ఆమె క్యాంపు వంటగదిలో పులుసు పెట్టేది. మర్నాడు మా ఫ్లాట్ల దగ్గరున్న పార్కులో ప్లాస్టిక్ పట్టా పరుచుకుని ఇద్దరూ తినేవారు. ఒకసారి నేను సాయంత్రం నడకకెళ్ళి చూశాను. అతను తింటున్నాడు, ఆమె అతని పళ్ళెంలోకి ముల్లు తీసి ముక్క పెడుతోంది. ఎండ వాలి గడ్డి మీద రాగి రంగులో పడుతోంది. నన్ను చూస్తే ఎక్కడ లేచి నిలబడతారోనని చెట్ల చాటుగా వేరే దారిలో పోయాను.

సరే, ఎక్స్‌లు తగిలించిన వారం డబ్బా రాలేదు. ఒంట్లో బాలేదేమో అనుకున్నాను. తర్వాతి వారమూ లేదు. ఆ పై వారం ఆగలేక అడిగేశాను.

"ఏమ్మాయ్, బాబాయి మీద అలిగావా?"

"అయ్యో లేదండి. వంజరం దొరకట్లేదండి" అంది, కప్పులు సర్దుతూ.

అబద్ధం. మొన్ననే మీనా చేపల మార్కెట్టుకి ఊరికే కళ్ళు చల్లబరుచుకోటానికి వెళ్ళాను. వంజరాలు గుట్టలుపోసి ఉన్నాయి. ఈ పిల్లకి నేనంటే మొహం మొత్తిందని తీర్మానించుకున్నాను. నేనూ బిగుసుకున్నాను. మూడు పూట్ల టీ మానేశాను కూడా. ఆ నెలంతా నాకు అదొకలా గడిచింది. మధ్యాహ్నాలు ఆఫీసు అద్దాల అవతల ఇసకా ఆకాశం ఒకే రంగులో కలిసిపోయేవి. తెర మీద ఎక్స్ పేర్లన్నీ బారులు తీరి నిద్రపోతున్నట్టు ఉండేవి. నాకూ తూగొచ్చేది.

చెరిపేసే రోజు వచ్చింది. ఆ రోజు మంచు ఎంత దట్టంగా ఉందంటే స్టీరింగ్ దగ్గర కూచుంటే నా కారు ముక్కే నాకు కనబడలేదు. బస్సులన్నీ ఆలస్యం. ఆఫీసు సగం ఖాళీ. ముదీర్ మాత్రం ఇస్త్రీ చొక్కాతో వచ్చేసి, "భోజనానికి ముందే ముగించెయ్. ఆడిటర్లు మధ్యాహ్నం వస్తారు. ఎవరైనా అరిచారా?" అన్నాడు. లేదన్నాను. చెరిపే ప్రోగ్రాము సిద్ధంగా ఉంది. ఒక మీట నొక్కటమే తరువాయి. ముందు టీ తాగుదామని ప్యాంట్రీకి వెళ్ళాను.

ఆ అమ్మాయి కిటికీ అద్దానికి నుదురు ఆనించి నిలబడి ఉంది. పొయ్యి మీద పాలు పొంగుతున్నాయి. నేనే కట్టేశాను.

"ఏం చూస్తున్నావే?"

ఉలిక్కిపడి నవ్వింది. "ఏం లేదండి. మా ఆయన బస్సు ఈ రోడ్డు మీదే పోద్దండి. మామూలప్పుడు కిటికీలో చెయ్యి కనబడద్ది. ఇయ్యాల మంచు కదండీ."

"ఆఫ్ రోజు తనివితీరా చూస్తావుగా, చెయ్యి ఏం ఖర్మ!"

ఆమె గిన్నె దించి, టీ వడపోసి, కప్పు నా చేతికిచ్చాక అంది: "ఆఫ్‌లు కలవట్లేదండి బాబాయిగారూ. నాకు సోమారమైతే ఆయనకి గురువారం. నాకు ఆదివారం పడితే ఆయనకి మంగళవారం."

"ఎప్పట్నుంచి?"

"నెలవుతుందండి."

నాకు ఒళ్ళు మండింది. "నెల నుంచీ నోరు మూసుక్కూచున్నావా? సూపర్‌వైజర్‌కి చెప్పొద్దూ? క్యాంప్ బాసుకి చెప్పొద్దూ?"

"ఏమని చెప్తామండీ? కంపెనీ కాయితాల్లో మేవిద్దరం బ్యాచిలర్లమే కదండీ. గోల చేస్తే, ఓహో మీరు మొగుడూ పెళ్ళామా, ఇక్కడ కుదరదు, ఒకళ్ళు ఎక్కడో దూరాన ఫుజైరా సైటుకి పొండి అంటే? అసలుకే ఎసరొస్తది. ఇన్నాళ్ళూ ఆఫ్‌లు ఎలా కలిసినయ్యో కూడా మాకు తెలీదండి. దేవుడిచ్చేడనుకున్నాం. ఇప్పుడు తీసేసుకున్నాడు." కొంగుతో మొహం తుడుచుకుని, "టీ చల్లారిపోద్ది, తాగండి" అంది.

తాగలేదు. కప్పు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చి కూచున్నాను. నెల. నెల కిందట ఏం జరిగింది? కొత్త వెర్షన్ ఎక్కించి అప్పటికి చాలా కాలమైంది. అది ఎక్కాక కూడా నాకు డబ్బాలొచ్చాయి, వేళ్ళు నాక్కుంటూ తిన్నాను. డబ్బా ఆగింది ఎక్స్ తగిలించిన వారంలో. అంటే ఆ దేవుడెవడో నా ఎక్స్‌ల వరసలో ఉన్నాడు.

మలయాళీ అమ్మాయిని పిలిచాను. రోస్టర్‌ని తాకే పాత ప్రోగ్రాములేమైనా ఉన్నాయా అని ఇద్దరం ఒకటొకటే తెరుస్తూ పోయాం. ఉంది. చాలా చిన్నది. వారం రోస్టర్ తయారయ్యాక ఒకసారి లేచి, కొన్ని జతల మనుషుల్ని చూసి, జతలో ఇద్దరి ఆఫ్‌లూ వేరైతే రెండోవాళ్ళ ఆఫ్‌ని మొదటివాళ్ళ రోజుకి మార్చి మళ్ళీ పడుకుంటుంది. ఎక్స్ తగిలించాక అది లేవలేదు. లేవలేదని డేటాబేస్ మెయిల్ పంపిస్తూనే ఉంది. అంటే అది అరిచింది. కానీ ఆ మెయిల్ వెళ్ళేది దాన్ని రాసినతనికి. అతను ఉద్యోగం మానేసి వెళ్ళి చాలాకాలమైంది, ఆ పెట్టె తెరిచే దిక్కు లేదు.

అతను నాకు ముందు ఆ కుర్చీలో కూచున్న హైదరాబాదీ భాయ్. ఫోన్ చేశాను.

"అరే అన్నా, దాన్ని తీసేసిన్రా? ఎంత పనిజేసిన్రన్నా!" అన్నాడు. "మీకు యాదుందా, కరోనా వచ్చిన సాల్. క్యాంపులన్నీ బంద్. నన్ను లాప్‌టాప్ ఇచ్చి ఆడోళ్ళ క్యాంప్ గేట్ కాడ కూసోబెట్టిన్రు, లోపలికి బయటికి పోయేటోళ్ళ పేర్లు ఎక్కియ్యనీకి. హాస్పిటల్ కిచెనోళ్ళ బస్సు రోజు గా సిగ్నల్ కాడ ఆగేది. ఒక ఆమె మెట్ల మీదికెళ్ళి స్టీల్ గిన్నె పైకెత్తి చూపెట్టేది. ఇయ్యాల ఇది వండిన అన్నట్టు. బస్సులకెల్లి ఒకాయన చెయ్యి ఊపేటోడు. గంతే. గ్రీన్ పడంగనె బస్సు పోయేది. నెలలకు నెలలు గదే అన్నా. క్యాంపులు తెరిసినంక నాకు మనసున పట్టలే. ఎవర్నీ అడగలే, ఎవ్వరికీ చెప్పలే. గేటు లిస్టుల ఆమె పేరు, బస్సు లిస్టుల ఆయన పేరు పట్టుకోని రాసి పెట్టిన. అట్లాంటి జోడీలు ఇంకా కొన్ని కనబడితే వాళ్ళనీ కలిపిన."

"ఆమెకి తెలుసా?"

"ఆమెకు నా మొఖమే తెల్వదన్నా."

నేను లేచి ముదీర్ గదిలోకి వెళ్ళాను. ఆయన గడియారం చూసుకుంటున్నాడు. "ఖలాస్?" అన్నాడు.

"ఒకటి చెరపను" అన్నాను.

"ఎవరు అరిచారు?"

"ఎవరూ అరవలేదు సార్. నాకు పులుసు ఆగింది."

నాకు మతి చలించిందనుకున్నట్టు చూశాడు. కూచోబెట్టి మొత్తం చెప్పాను, పార్కులో పట్టాతో సహా, భాయ్ చూసిన గిన్నెతో సహా. నా ఇంగ్లీషు అంత వేగంగా ఎప్పుడూ నడవలేదు. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. కాఫీ కప్పుని బల్ల మీద ఇటునుంచి అటు జరిపాడు. ఒప్పుకోకపోతే నేనేం చెయ్యగలను? ఆడిట్ ఆయనది, సంతకం ఆయనది.

"రోజూ పొద్దున్న నేను ఎవరైనా అరిచారా అని అడిగినప్పుడు" అన్నాడు చివరికి, "ఆమె అక్కడే ఉందా?"

"మీ కాఫీ పెడుతూ ఉంది సార్."

ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళాడు. అక్కడ చూడటానికి మంచు తప్ప ఏమీ లేదు. "యజమాని లేని వస్తువు నా డేటాబేస్‌లో ఉండకూడదు. దానికి యజమాని పేరు రాయి" అన్నాడు.

"నా పేరు రాస్తాను."

"నువ్వు త్వరలో రిటైరై పోతావు సదీక్. అప్పుడు మళ్ళీ ఎవడో ఎక్స్ పెడతాడు. నా పేరు రాయి. ఏం చేస్తుందని ఎవరైనా అడిగితే నన్ను అడగమను. యల్లా, మిగతావి చెరుపు."

మలయాళీ అమ్మాయి ఎక్స్ తీసింది. తీసేటప్పుడు కళ్ళు తుడుచుకుంది, నేను చూడనట్టు ఊరుకున్నాను. మధ్యాహ్నం ఆడిటరు ఆ ఒక్క పేరు మీద వేలు పెట్టి ఇది మిగిలిపోయింది కదా అంటే, మా ముదీర్ తన మామూలు మొహంతో, "మిగిలిపోలేదు. వాడుకలో ఉంది" అన్నాడు. ఆయన దగ్గర రెండో ప్రశ్న అడిగే ధైర్యం ఎవరికీ లేదు.

కుర్రాళ్ళకి చెప్పేదొకటే. ఎక్స్ పెట్టండి, తప్పులేదు, నేనూ చాలా పెట్టాను. కానీ ఎవరూ అరవలేదు అని సంతోషపడేముందు, అరిస్తే ఉన్నది కూడా ఊడుతుందని భయపడేవాళ్ళు ఎవరైనా ఆ పక్కన టీ పెడుతున్నారేమో చూడండి.

ఆ అమ్మాయికి నేనేం చెప్పలేదు. దేవుడికొచ్చిన పేరు మనకెందుకు? కొత్త రోస్టర్ వచ్చింది. ఇద్దరికీ బుధవారం. గురువారం పొద్దున్న నేను త్వరగా ఆఫీసుకొచ్చి, నా కీబోర్డు పక్కన డబ్బాకి చోటు చేసి, ఇంట్లో కట్టిచ్చిన పెరుగన్నం సొరుగులో దాచి కూచున్నాను. మంచు విడిపోయి ఎండ వచ్చింది. ట్రే చప్పుడైంది. టీ పెట్టింది. డబ్బా పెట్టలేదు.

మళ్ళీ ఏదైనా తేడా జరిగిందా?

"ఏమ్మా, ఆఫ్ కలిసిందా?"

"కలిసిందండీ!" అంది. మొహమంతా వెలిగిపోతోంది. "దేవుడు మళ్ళీ ఇచ్చేడండి."

"మరి నా డబ్బా?"

చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వటం మొదలుపెట్టింది. ఎంతకీ ఆపదే! నేను నమ్మనేమోనని ప్యాంట్రీలోకి పరిగెత్తి, తోమి తుడిచిన ఆ స్టీలు డబ్బా తెచ్చి, మూత తీసి, నాకు కనబడేలా పైకెత్తి బోర్లించి చూపించింది.

"మిగల్లేదండి బాబాయిగారూ. చుక్క మిగల్చకుండా మొత్తం మా ఆయనే తినేసేరండి."